17 అంగుళాల దగ్గర ఆగాను: ఇంటి ఫొటో ప్రింటరు డైరీ

రోజు 1

పాత ఏ4 ప్రింటరును నాలుగు నెలల తర్వాత ఆన్ చేశాను. నాజిల్ చెక్ (ఇంకు చిమ్మే సన్నని రంధ్రాలు, అంటే నాజిళ్లు, తెరుచుకుని ఉన్నాయో లేదో చూపే గీతల ప్రింటు) కాగితంలో నీలం గీతలు సగం లేవు, పసుపు అసలే లేదు. ఆ నాజిళ్లుండే హెడ్డును ఇంకుతోనే కడిగే హెడ్ క్లీనింగ్ ఒకసారి చేశాను, మళ్లీ చేశాను, మూడోసారీ చేశాను. పసుపు రాలేదు సరికదా, అప్పటిదాకా బాగున్న నలుపులో రెండు గీతలు తెగాయి. ఇంకు మాత్రం దాదాపు పావు వంతు తగ్గింది. అదంతా లోపలి వేస్ట్ ప్యాడ్‌లోకి పోయింది.

ప్రింటరును తిట్టుకుని లాభం లేదు. నాలుగు నెలలు ముట్టుకోకుండా వదిలేసింది నేనే. ఇంకు నాజిళ్లలో కూర్చుని ఎండిపోయింది.

ఎలాగూ కొత్తది కొనాలి కాబట్టి ఈసారి పెద్దదే కొందామనిపించింది. గోడ మీద మూడు ఖాళీ ఫ్రేములు ఏడాదిగా వేలాడుతున్నాయి. వాటి కోసం ల్యాబులో ఒకే ఫైలు రెండుసార్లు వేయిస్తే ఒకటి పచ్చగా, ఒకటి ఎర్రగా వచ్చింది. నా ఫొటో నా చేత్తో నేనే వేసుకోవాలన్న కోరిక అప్పుడే పుట్టింది. ఆలోచనలు ఎటు తిరుగుతున్నాయో తర్వాత చూసుకుందామని ఈ డైరీ మొదలుపెట్టాను.

రోజు 3

24 అంగుళాల ప్రింటర్ల (అంటే 24 అంగుళాల వెడల్పు కాగితం పట్టేవాటి) బొమ్మలు చూస్తూ రాత్రి రెండింటి దాకా కూర్చున్నాను. రోల్ వేసి బటన్ నొక్కితే నిలువెత్తు ఫొటో వచ్చేస్తుంది. ఆశకు హద్దు లేదు.

పొద్దున్నే లేచి నా ఫొటోల గుట్ట తెరిచాను. పోయిన ఏడాది తీసినవాటిలో నేనే ఐదు స్టార్లు వేసుకున్నవి 60. వాటిలో గోడకు తగిలించాలనిపించేవి 11. ఆ 11లో ఏ2 (ఏ4కు నాలుగు రెట్లు) కంటే పెద్దగా ఉంటేనే అందం అనిపించేవి రెండే రెండు. ల్యాబుకు ఏడాదంతా పంపిన ఆర్డర్లు నాలుగు. కొంచెం సిగ్గేసింది.

అయితే ఇంట్లో ప్రింటరు లేదు కాబట్టే తక్కువ వేశానేమో, ఉంటే ఎక్కువ వేసేవాణ్నేమో. ఊహించుకుంటే తేలేది కాదు. అందుకని ఉత్తుత్తి ప్రింట్లు మొదలుపెట్టాను. ఆరు వారాల పాటు ప్రతి ఆదివారం, ప్రింటరు పక్కనే ఉన్నట్టు అనుకుని, ఆ రోజు ఏవి వేసేవాణ్నో ఒక ఫోల్డర్‌లో పెడతాను. సైజు, కాగితం రకం ఫైలు పేరులోనే రాస్తాను. ఒక్కటే షరతు: ఎడిటింగ్ పూర్తయి, ప్రింటుకు సిద్ధంగా ఉన్నదాన్నే లెక్కలోకి తీసుకోవాలి. "తర్వాత చూద్దాం" అన్నవి లెక్కలోకి రావు.

రోజు 6

వెడల్పుల సంగతి చూశాను. పెద్ద ఫొటో ప్రింటర్లు మామూలుగా నాలుగు మెట్లలో దొరుకుతాయి: 13, 17, 24, 44 అంగుళాలు. 13 అంగుళాలదైతే ఏ3+ వస్తుంది, అంటే 329 × 483 మి.మీ. 17 అంగుళాలదైతే ఏ2, అంటే 420 × 594 మి.మీ. 24లో ఏ1 పడుతుంది. 44 అంగుళాలది ఇంటి సరుకు కాదు, దాని జోలికి పోను.

నా కెమెరా 24 మెగాపిక్సెళ్లది, 6000 × 4000. ఏ2 మీద అంచులు వదిలి పొడవును 22.5 అంగుళాలకు పరిస్తే అంగుళానికి 267 పిక్సెళ్లు వస్తాయి. అంగుళానికి 300 లేకపోతే ప్రింటే వేయకూడదని చాలామంది భయపెడతారు. లెక్క వేసి చూస్తే అంత టెన్షన్ అక్కర్లేదు. చూపు బాగున్న కన్ను డిగ్రీలో 60వ వంతు కోణాన్ని విడదీసి చూడగలదు. అర మీటరు దూరం నుంచి అది 0.145 మి.మీ. అంటే అంగుళానికి 175 పిక్సెళ్లు దాటితే అంత దూరం నుంచి చుక్కలు విడివిడిగా కనబడవు. చేతిలో పట్టుకుని 25 సెం.మీ. దూరం నుంచి చూస్తే మాత్రం 350 కావాలి. గోడ మీది ఏ2 ఫొటోను ఎవరూ ముక్కు ఆనించి చూడరు, ఫొటోగ్రాఫర్లు తప్ప.

కాబట్టి పిక్సెళ్లు నన్ను 17 దగ్గర ఆపవు, 24 దగ్గరా ఆపవు. అడ్డం ఏదైనా ఉంటే అది ఇంకొకచోట ఉండాలి.

రోజు 9

సెకండ్ హ్యాండ్ 24 అంగుళాల ప్రింటరు ఒకటి అమ్మకానికి ఉందని తెలిసి చూసొచ్చాను. గదిలో సగం అదే ఉంది. వెడల్పు మీటరు దాటింది, స్టాండుతో కలిపి ఇద్దరు ముగ్గురు పట్టుకుంటే గానీ కదలదు. వెంట వచ్చిన అక్క దాని చుట్టూ ఒకసారి తిరిగి, "ఒరేయ్, దీన్ని ఇంట్లో పెడితే మనం ఎక్కడ పడుకుంటాంరా?" అంది.

నాజిల్ చెక్ వేసి చూపించమని అడిగాను. అమ్మే ఆయన మొహం చిట్లించి, "రెండు నెలలుగా ఆపి ఉంచాను, ఒక క్లీనింగ్ చేస్తే సరిపోతుంది" అన్నాడు. చేశాడు. మెజెంటా (ముదురు గులాబీ) ఇంకులో చిన్న చిన్న ఖాళీలు అలాగే ఉన్నాయి. ఇంకా గట్టి క్లీనింగ్ చేస్తానంటే వద్దన్నాను. పెద్ద ప్రింటరులో గట్టి క్లీనింగ్ అంటే ఎంత ఇంకు పోతుందో నాకు తెలుసు, ఆ ఇంకు ఆయనది.

పాత ప్రింటరు కొనేవాళ్లకు నాకు తోచిన మాట: నాజిల్ చెక్ మీ కళ్ల ముందే, అప్పుడే ఆన్ చేసిన మిషన్ మీద వేయించండి. ముందే వేసి పెట్టిన కాగితం చూపిస్తే నమ్మొద్దు. వేస్ట్ ఇంకు ట్యాంకు ఎంత నిండిందో కూడా అడగండి. అది వాడకం కంటే క్లీనింగుల చరిత్రనే ఎక్కువ చెబుతుంది.

రోజు 14

డై ఇంకు తీసుకోవాలా, పిగ్మెంట్ ఇంకు తీసుకోవాలా?

డై ఇంకులో రంగు ద్రవంలో కరిగి ఉంటుంది. కాగితం పూతలోకి ఇంకిపోతుంది. గ్లాసీ కాగితం మీద తళతళలాడుతుంది, ఎక్కడా మెరుపు తేడా కనబడదు. పిగ్మెంట్ ఇంకులో రంగు సన్నని రేణువుల్లా తేలుతుంది. కాగితం పైభాగాన కూర్చుంటుంది. గ్లాసీ మీద పక్క నుంచి చూస్తే ఇంకు ఉన్నచోట ఒకలా, లేనిచోట ఒకలా మెరుస్తుంది. మెరుపు లేని మాట్ కాగితం, పత్తితో చేసిన కాటన్ రాగ్ మీద మాత్రం దీనిదే రాజ్యం. వెలుతురుకు, గాలిలోని ఓజోన్‌కు తట్టుకోవడంలోనూ ఇదే ముందు.

ఇందులో పాత కథ ఒకటుంది. 1990ల మొదట్లో సంగీతకారుడు గ్రాహం నాష్ స్టూడియో నాష్ ఎడిషన్స్‌లో ఐరిస్ అనే ఇంక్‌జెట్ మిషన్ మీద ఫొటోలు వేసేవాళ్లు. ఆ మిషన్ చేసింది అచ్చుకు ముందు ప్రూఫు తీయడానికి. గోడకు తగిలించే బొమ్మల కోసం కాదు. అక్కడ పనిచేసిన జాక్ డుగాన్ 1991లో ఆ ప్రింట్లకు 'జిక్లే' అని పేరు పెట్టాడు. చిమ్మడం అనే అర్థమున్న ఫ్రెంచి మాట నుంచి తీసుకున్నాడు. పేరు ఎంత ఘనంగా ఉన్నా, ఆ తొలి రోజుల డై ఇంకులు త్వరగా వెలిసిపోయేవి. ఇప్పుడు ఆ పేరు పెట్టి అమ్మేవి ఎక్కువగా పిగ్మెంట్ ప్రింట్లే.

ఆయుష్షు లెక్కలకు చాలామంది చూపించేది హెన్రీ విల్హెల్మ్ పరీక్షలు. ఫలానా ఇంకు ఫలానా కాగితం మీద ఇన్నేళ్లు ఉంటుందని ఆయన సంస్థ అంచనా వేస్తుంది. ఆ ఏళ్లు రోజుకు 12 గంటలు, 450 లక్స్ వెలుతురు అనే కొలత మీద కట్టినవి. మా హాల్లో కిటికీ ఎదురు గోడకు మధ్యాహ్నం పడే ఎండ అంతకు ఎన్నో రెట్లు. అందుకని ఆ అంకెను అక్షరాలా పట్టుకోను. రెండు ఇంకుల్లో ఏది నయమో తేల్చుకోవడానికే వాడతాను.

ఎప్సన్ ఈటీ-8550 గురించి కూడా రెండు రోజులు తల పట్టుకున్నాను. 13 అంగుళాలది, ట్యాంకు ప్రింటరు, సీసాలతో ఇంకు పోసుకోవచ్చు. పేజీ ఖర్చులో దానికి సాటి వచ్చేది నా జాబితాలో లేదు. ఆల్బమ్ సైజు ఫొటోలు గుట్టలుగా వేసేవాళ్లు అదే తీసుకోవాలంటాను. కానీ దాని రంగులు డై ఇంకులు. నాకు కావాల్సింది మాట్ కాగితం మీద నలుపు తెలుపు ఫొటో, అదీ ఏళ్ల తరబడి గోడ మీద ఉండాలి. పిగ్మెంట్ ఖాయం చేసుకున్నాను.

రోజు 22

17 అంగుళాల పిగ్మెంట్ ప్రింటర్లలో చివరికి రెండు మిగిలాయి: ఎప్సన్ ష్యూర్‌కలర్ పీ900, కానన్ ఇమేజ్‌ప్రోగ్రాఫ్ ప్రో-1000. రెండింటి ప్రింట్లూ పరిచయస్తుల దగ్గర చూశాను. బొమ్మ నాణ్యతలో ఇది గొప్ప, అది తక్కువ అనే ధైర్యం నాకు లేదు. తేడా అంతా మిషన్‌లో ఉంది.

పీ900లో 10 రంగులు, ఒక్కో కార్ట్రిడ్జ్ 50 మి.లీ. ప్రో-1000లో 11 రంగులు, వాటికి తోడు గ్లాసీ మీద మెరుపు తేడా తగ్గించే రంగులేని ద్రవం ఒకటి. మొత్తం 12, ఒక్కోటి 80 మి.లీ.

హెడ్ల పద్ధతే వేరు. ఎప్సన్‌ది పైజో. కరెంటు తగిలితే సన్నని స్ఫటికం వంగి ఇంకును నెడుతుంది, వేడి ఉండదు. కానన్‌ది థర్మల్. చిన్న హీటర్ ఇంకును క్షణంలో మరిగిస్తే పుట్టిన బుడగ చుక్కను బయటికి తోస్తుంది. థర్మల్ హెడ్డుకు ఆయుష్షు తక్కువ, కానీ పాడైతే ఇంట్లో మనమే విప్పి కొత్తది పెట్టుకోవచ్చు. కొన్ని నాజిళ్లు మూసుకుపోతే పక్కవాటితో ఆ పని చేయించుకునే తెలివి కూడా దానికుంది. పైజో హెడ్డు ఎక్కువ కాలం వస్తుంది. మార్చాల్సి వస్తే మాత్రం సర్వీసువాళ్లే దిక్కు.

నల్ల ఇంకుల గురించి ఒక మాట. గ్లాసీకి ఫొటో బ్లాక్, మాట్‌కు మాట్ బ్లాక్ అని రెండు నలుపులుంటాయి. పీ800 లాంటి పాత మోడళ్లలో రెండింటికీ నాజిళ్ల వరస ఒకటే. కాగితం మార్చినప్పుడల్లా ఒక నలుపును కడిగేసి ఇంకోదాన్ని నింపాలి, ఆ ఇంకు వృథా. ఇప్పుడు నేను చూస్తున్న రెండింటిలోనూ వాటికి వేర్వేరు నాజిళ్లు. సెకండ్ హ్యాండ్‌కు వెళ్లేవాళ్లు ముందు అడగాల్సింది ఇదే.

బరువు చూస్తే ప్రో-1000 సుమారు 32 కిలోలు, పీ900 దానిలో సగం. వెడల్పు 72 సెం.మీ. ఒకటి, 62 సెం.మీ. ఒకటి. నా బల్ల కొలిచాను. రెండూ పడతాయి, కానీ ప్రో-1000 పెడితే కాగితం కోసుకోవడానికి చోటు మిగలదు.

రోజు 31

కాగితాల నమూనా ప్యాకెట్లు తెప్పించుకున్నాను. ప్రింటరు లేకుండా కాగితాలు తెచ్చుకోవడమేంటని అక్క నవ్వింది. నాకు మాత్రం ఇదే అసలు సరదా.

గది చీకటి చేసి అతినీలలోహిత టార్చ్ వేశాను. మూడు కాగితాలు నీలంగా వెలిగిపోయాయి, రెండు మామూలుగా ఉండిపోయాయి. వెలిగినవాటిలో తెల్లదనం పెంచే రసాయనం ఉన్నట్టు లెక్క. బట్టల సబ్బులో కలిపేలాంటిదే. ఇప్పుడు పాలలా తెల్లగా ఉంటాయి, ఏళ్లు గడిచాక ఆ రసాయనం శక్తి తగ్గి పసుపుపచ్చకు తిరుగుతాయి. వెలగనివి మొదటి రోజే కాస్త మీగడ రంగులో ఉంటాయి, అలాగే ఉండిపోతాయి. గోడకు తగిలించేవి రెండో రకం మీదే వేయాలని రాసిపెట్టుకున్నాను.

కాటన్ రాగ్ కాగితంలో రెండు వైపులూ ఒకేలా ఉన్నాయి, పూత ఏ వైపుందో కంటికి తెలియదు. వేలి కొస కొంచెం తడి చేసి మూలన ఆనిస్తే, పూత ఉన్న వైపు వేలికి అంటుకుంటుంది. రెండో వైపు అంటుకోదు.

రోజు 43

ఉత్తుత్తి ప్రింట్ల ఆరు వారాలు పూర్తయ్యాయి. ఫోల్డర్‌లో తేలింది ఇది: ఏ2వి 9, ఏ4వి 22. ఏ2 దాటినది ఒక్కటీ లేదు. పొడుగు పనోరమా ఒకటి ఉంది, దాన్ని కూడా వెడల్పు 17 అంగుళాల లోపే రాసుకున్నాను.

విస్తీర్ణం కడితే ఏ2 ఒక్కోటి పావు చదరపు మీటరు, ఏ4 దానిలో నాలుగో వంతు. మొత్తం 3.6 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 15 మి.లీ. ఇంకు అనుకుని లెక్క వేశాను. ముదురు ఫొటోలకు ఎక్కువ పడుతుంది, లేత ఫొటోలకు తక్కువ. ఆరు వారాలకు 54 మి.లీ. అయితే ఆరు నెలలకు సుమారు 235 మి.లీ.

ఇప్పుడు దీన్ని ప్రింటర్ల పక్కన పెట్టాను. కానన్ 24 అంగుళాల ప్రో-2000లో అన్నిటికంటే చిన్న కార్ట్రిడ్జ్‌లు వేసినా 12 × 160, అంటే 1920 మి.లీ. నా వేగంతో అవి అయిపోవడానికి నాలుగేళ్లు. ప్రో-1000లో 960 మి.లీ., రెండేళ్లు. పీ900లో 500 మి.లీ., ఏడాది పైచిలుకు. తెరిచిన కార్ట్రిడ్జ్‌ను ఆరు నెలల్లో వాడేయమని తయారీదారుల సలహా. ఆరు నెలల మర్నాడే పాడైపోతుందని కాదు. పిగ్మెంట్ రేణువులు మెల్లగా అడుగుకు దిగుతాయి, అంతే. కానీ నాలుగేళ్లు నిలవ ఉంచిన ఇంకుతో మంచి ప్రింటు వస్తుందని ఆశపడటం నా వల్ల కాదు.

పెద్ద కార్ట్రిడ్జ్‌లో మిల్లీలీటరు చవక అన్నమాట నిజమే. చవకగా కొని మూలన ఆరబెట్టుకుంటే ఏ లాభం? రోజూ వేసేవాళ్లకు 24 అంగుళాలది పొదుపు, నాలాగా ఆదివారాలు మాత్రమే వేసేవాళ్లకు అది గుదిబండ. నాలుగు నెలలు ముట్టుకోని ఏ4 ప్రింటరు గతే దానికీ పడుతుంది, పెద్ద సైజులో.

పీ900 తీసుకుంటున్నాను. ఇంకు లెక్కే ప్రధాన కారణం. ఇంకొకటి, పనోరమాల కోసం రోల్ అటాచ్‌మెంట్ విడిగా కొనుక్కోవచ్చు. ప్రో-1000లో రోల్‌కు వీలు లేదు. గ్లాసీ మీద వేసేవాణ్నైతే రంగులేని ద్రవం కోసం ప్రో-1000 వైపే వెళ్లేవాణ్నేమో. ఏ2 దాటాలనిపించే ఆ రెండు ఫొటోలను ల్యాబుకే పంపుతాను, వాళ్లెలా వేసినా సరే.

రోజు 49

ప్రింటరు వచ్చింది. టేపులన్నీ పీకడానికే పావుగంట పట్టింది. ఒక టేపు లోపల దాక్కుని ఉంది, టార్చ్ వేసి చూస్తే గానీ కనబడలేదు. ఆన్ చేసే ముందు టార్చ్ వేయడం మర్చిపోకండి.

మొదటిసారి ఇంకు నింపుకున్నాక కార్ట్రిడ్జ్‌ల మట్టం చూస్తే గుండె కలుక్కుమంటుంది. కంగారు పడక్కర్లేదు. కార్ట్రిడ్జ్‌ల నుంచి హెడ్డు దాకా ఉన్న సన్నని గొట్టాలు నిండటానికి ఆ ఇంకు పోయింది. ట్యూబులున్న ఏ ప్రింటరులోనైనా ఇంతే. ఖర్చు లెక్కలు రెండో సెట్టు నుంచి మొదలుపెట్టాలి.

నాజిల్ చెక్‌లో ఒక్క గీత కూడా తెగలేదు. ఆ కాగితం మీద తేదీ వేసి గోడకు గుచ్చాను.

రోజు 50

మొదటి ఫొటో వేశాను. మా అక్క కూతురి ఫొటో, లస్టర్ (కొద్దిగా మెరిసే) కాగితం, ఏ4. బయటికొస్తుంటే ఊపిరి బిగబట్టి చూశాను. అక్క వచ్చి చూసి, "ఒరేయ్, దీని మొహమేంట్రా వంకాయ రంగులో ఉంది?" అంది.

నిజంగానే అలాగే ఉంది. గంటసేపు కాగితాన్ని అనుమానించాను, తర్వాత మానిటర్‌ను, తర్వాత నాజిళ్లను. అసలు సంగతి ఏమిటంటే, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో కాగితం ప్రొఫైల్ (ఆ కాగితం మీద రంగులు ఎలా రావాలో చెప్పే ఫైలు) ఎంచుకుని రంగుల బాధ్యత దానికి అప్పగించాను. ప్రింటరు డ్రైవర్‌లో, అంటే కంప్యూటర్ నుంచి ప్రింటరును నడిపే సాఫ్ట్‌వేర్‌లో, రంగు సర్దుబాటు ఆఫ్ చేయడం మర్చిపోయాను. ఒకే ఫొటోకు ఇద్దరు వంటవాళ్లు ఉప్పేసినట్టయింది. డ్రైవర్‌లో ఆఫ్ చేసి మళ్లీ వేస్తే పిల్ల మొహం పిల్ల మొహంలా వచ్చింది.

ఇంట్లో వేసిన ఫొటో మొత్తం మెజెంటా కొడుతుంటే ముందు ఇదే చూడండి. కొత్త ప్రొఫైళ్ల కోసం పరుగెత్తొద్దు.

రోజు 52

రంగులు కుదిరాయి, కానీ ప్రింట్లన్నీ చీకటిగా ఉన్నాయి. తెర మీద చెట్టు కింద మనిషి స్పష్టంగా కనిపిస్తాడు, కాగితం మీద నల్ల ముద్ద.

తప్పు మానిటర్‌ది. కొన్న రోజు నుంచి దాని వెలుగు తగ్గించనేలేదు. తెర వెలుగు ఎక్కువైతే ఫొటోను చీకటిగా ఎడిట్ చేస్తాం. కాగితానికి సొంత వెలుగు లేదు, గదిలో ఉన్నదే దాని వెలుగు. తెర వెలుగు కొలిచి సరిచేసే క్యాలిబ్రేటర్ అరువు తెచ్చి చదరపు మీటరుకు 100 క్యాండెలాకు దించాను. ప్రింటు పని చేసేవాళ్లు మామూలుగా 80 నుంచి 120 మధ్య పెట్టుకుంటారు. పరికరం లేకపోతే ఒక మోటు పద్ధతి ఉంది: తెర మీద తెల్లని పేజీ తెరిచి, పక్కన దీపం వెలుగులో తెల్ల కాగితం పట్టుకుని, రెండూ ఒకేలా అనిపించేదాకా తెర వెలుగు తగ్గించాలి. మొదటి రెండు రోజులు తెర గుడ్డిగా ఉన్నట్టు చిరాకేస్తుంది. తర్వాత అలవాటైపోతుంది.

రోజు 57

ఏ2 మొదటిసారి. కాటన్ రాగ్, నది ఫొటో. సగం దాకా బాగానే వచ్చింది, తర్వాత కర్ కర్ మని చప్పుడు. అంచున నల్లగా రెండు చారలు. హెడ్డు కాగితానికి రాసుకుంది.

షీటు మూలలు పైకి లేచి ఉన్నాయని ముందే చూశాను. "పర్లేదులే" అనుకున్నాను. డ్రైవర్‌లో మందం కాగితం సెట్టింగ్ పెట్టి హెడ్డుకు, కాగితానికి మధ్య సందు పెంచాలి, అదీ చేయలేదు. ఒక ఖరీదైన షీటు, దానికి పోసిన ఇంకు రెండూ పోయాయి. హెడ్డుకేమైనా అయిందేమోనని నాజిల్ చెక్ వేసేదాకా చేతులు వణికాయి. ఏమీ కాలేదు.

ఇప్పుడు పద్ధతి మార్చాను. షీటును ముందు రోజే తీసి, రెండు శుభ్రమైన కాగితాల మధ్య పెట్టి పైన బరువు ఉంచుతున్నాను. వేసే ముందు మెత్తని బ్రష్‌తో దుమ్ము దులుపుతున్నాను. కాటన్ కాగితం మీద నలకలుంటే ఇంకు ఆ నలక మీద పడుతుంది, నలక రాలిపోయాక ఆ చోట తెల్ల చుక్క మిగులుతుంది. నల్లటి ఆకాశంలో అలాంటి చుక్క ఒక్కటి చాలు, చూపంతా అక్కడికే పోతుంది.

ఇంకొకటి, ఏ2 వేసే ముందు అదే కాగితం ఏ4 మీద పెద్ద ఫొటోలో ఒక తునక మాత్రమే, అసలు సైజులో వేసి చూస్తున్నాను. నీడలు, చర్మం, ఆకాశం, వీటిలో ఏది భయపెడుతుందో ఆ తునక. ఫిల్ము ఫొటోలు వేసే చీకటి గదిలో టెస్ట్ స్ట్రిప్ (ముందు చిన్న ముక్క మీద వేసి చూడటం) చేసినవాళ్లకు ఇది పాత పాఠమే.

రోజు 66

నలుపు తెలుపు వారం. దీని కోసమే ఇదంతా.

ముందు 0 నుంచి 255 వరకు బూడిద మెట్లు వేశాను. లస్టర్ మీద 8వ మెట్టు కూడా నలుపు నుంచి విడిగా కనబడింది. మాట్ మీద 14 దాకా అన్నీ ఒకే నలుపు. మాట్ కాగితం నలుపు గ్లాసీ నలుపంత లోతుగా ఉండదు, ఎంత మంచి ఇంకు పోసినా అంతే. కాబట్టి మాట్‌కు పంపే ఫైల్లో నీడలను కాస్త పైకి ఎత్తాలి. సాఫ్ట్ ప్రూఫ్ (కాగితం మీద ఎలా వస్తుందో తెర మీదే చూపేది) ఆన్ చేస్తే ఫొటో తెర మీద ఒక్కసారిగా పాలిపోయినట్టు కనబడి గుబులు పుడుతుంది. ఆన్ చేసేటప్పుడు కళ్లు మూసుకుని, ఒక నిమిషం తర్వాత చూస్తే అంత దారుణంగా అనిపించదు.

డ్రైవర్‌లోని ప్రత్యేక నలుపు తెలుపు మోడ్‌లో ఒకటి, రంగు ప్రొఫైల్‌తో ఒకటి, ఒకే ఫొటో పక్కపక్కన వేశాను. మొదటిది ఎక్కువగా నలుపు, బూడిద ఇంకులతోనే బొమ్మ కడుతుంది. దీపం కింద చూసినా కిటికీ దగ్గర చూసినా దాని రంగు మారలేదు. రెండోది కిటికీ దగ్గర అతి లేతగా పచ్చని ఛాయ కొట్టింది. నాకు తప్ప ఇంకెవరికీ కనబడలేదు, అక్కకు కూడా. అయినా మొదటిదే.

ఆ ప్రింటును ఆత్రంగా వెంటనే అద్దం వెనక పెట్టలేదు. ఇంకులోని తడి పూర్తిగా పోకముందే ఫ్రేములో బిగిస్తే అద్దం లోపలి వైపు పొగలా పొర పడుతుంది. మామూలు కాగితం కప్పి ఒక రోజంతా ఉంచాను.

రోజు 79

నెల రోజుల వాడకం. ఏ2వి 7 (పాడైనదానితో కలిపి), ఏ4వి 31, నాజిల్ చెక్‌లు 5, హెడ్ క్లీనింగ్ ఒక్కటి కూడా లేదు. ఉత్తుత్తి లెక్క వేగంతో పోలిస్తే ఏ2వి దాదాపు అనుకున్నన్నే, ఏ4వి మాత్రం దాదాపు రెట్టింపు. తునకలు వేయడం అలవాటవడమే కారణం. అన్నిటికంటే వేగంగా తగ్గుతున్నది లేత బూడిద ఇంకు. వయొలెట్ కదిలినట్టే లేదు.

ఆదివారం ఆదివారం పది రంగులూ ఉండే ఒక చిన్న ఫొటో వేస్తున్నాను, వేయడానికి ఏమీ లేకపోయినా సరే. క్లీనింగ్‌కు పోయే ఇంకుతో పోలిస్తే అది లెక్కలోకి రాదు. ఆపేటప్పుడు ప్రింటరు బటన్‌తోనే ఆపుతున్నాను. గోడ స్విచ్ నొక్కితే హెడ్డు తన మూత కిందికి చేరకుండా మధ్యలో ఆగిపోవచ్చు, తెల్లారేసరికి ఆరిపోతుంది. ఈ సంగతి ఇంట్లో అందరికీ చెప్పాను. అది చాలదని స్విచ్ మీద టేపు కూడా అంటించాను.

మూడు ఫ్రేముల్లో రెండు నిండాయి. మూడోదానికి ఆ నది ఫొటోనే మళ్లీ వేయాలి. కొత్త షీటు రాత్రే తీసి బరువు కింద పెట్టాను. మూలలు ఇంకా కొంచెం లేచే ఉన్నాయి, ఇంకో రోజు ఆగుతాను.